పది నలభై రెండుకు తెగిన లంకె

"గురువారం పొద్దున పది నలభై రెండుకు నువ్వు ఎక్కడున్నవమ్మా?"

సరళ ఈ మాట అడగడం మూడోసారి. మెహ్రీన్ మూడోసారీ తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

"ఆఫీసులనే, మేడం. నా సీట్లనే. లింకు నేనే తీసిన."

"ఎందుకు తీసినవు?"

"పొరపాటైంది."

"ఎట్ల పొరపాటైంది? చెయ్యి జారిందా, మతి తప్పిందా?"

"పొరపాటైంది, అంతే."

పదహారేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, రాజీనామా ఇచ్చి, ఖమ్మంలో సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న సరళకు ఒకటి బాగా తెలుసు. తప్పు చేసినవాళ్లు టైము దగ్గర పేచీ పెడతారు. పది నలభై కాదు పదకొండంటారు, పక్కన ఫలానావాడు ఉన్నాడంటారు. ఈ పిల్ల టైమునూ కాదనడం లేదు, తప్పునూ కాదనడం లేదు. ముందే అనుకుని కూర్చున్న మాటను అప్పజెబుతోంది.

"నాలుగు రోజుల నుంచి బుక్క ముట్టలేదు, బహెన్," అన్నాడు తండ్రి బషీర్. సరళను పిలిపించింది అతనే. కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. ఖానాపురం హవేలిలో ఆ రెండు గదుల కిరాయి ఇంట్లో గోడవారగా విప్పిన మిషన్లు మూడున్నాయి. "రెండు గంటలకొకసారి భద్రాచలం దవాఖానాకు ఫోన్ చేస్తది. ఆ రోజారాణి ఎట్లుందని అడుగుతది. అంతే."

"ఇయ్యాల ఎట్లుందట?"

"కండ్లు తెరిచిందట," అంది మెహ్రీన్ నెమ్మదిగా. "గానీ మనుషులను గుర్తుపడ్తలేదు. పాప పాలు తాగుతున్నదట."

ఆ ఒక్క మాట దగ్గరే ఆమె తల ఎత్తింది.

జరిగింది ఇది. భద్రాచలం అడవి అంచు గూడేలకు ఒక ధర్మసంస్థ నాలుగు అంబులెన్సు జీపులు నడుపుతోంది. సిగ్నల్ ఉన్న ఊళ్లవాళ్లు ఫోన్ చేస్తారు. అది అందని పదిహేడు గూడేల్లో ఆశా కార్యకర్తల దగ్గర వైర్‌లెస్ డబ్బాలుంటాయి. మీట నొక్కితే కబురు ఖమ్మంలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి చేరుతుంది, అక్కణ్ణుంచి జీపుకు పోతుంది. మెహ్రీన్ ఆ కంపెనీలోనే పనిచేస్తుంది. పాత డబ్బాలు తీసేసి కొత్తవి ఇవ్వాలనుకున్నారు. గురువారం పదకొండు గంటలకు పాత డబ్బాల దారి మూసుకుపోయింది. కొత్త డబ్బాలు మాత్రం అన్ని గూడేలకూ చేరలేదు. శుక్రవారం తెల్లవారి ఆరు యాభైకి నాంచారమ్మ అనే ఆశా కార్యకర్త పాత డబ్బా మీట నొక్కింది. మళ్లీ నొక్కింది. పద్నాలుగు సార్లు నొక్కింది. జీపు రాలేదు. నొప్పులు పడుతున్న రోజారాణిని మంచం మీద తొమ్మిది కిలోమీటర్లు మోసుకొచ్చారు. దారిలోనే కాన్పయింది. రక్తం ఆగలేదు.

"నాకు కంప్యూటర్ పని రాదు," అంది సరళ, కుర్చీ దగ్గరికి లాక్కుని. "లింకంటే ఏందో చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పు."

చెప్పేటప్పుడు మెహ్రీన్ కాస్త నిటారుగా కూర్చుంది. "చేయాల్సిన ప్రతి మార్పునూ పనులు రాసుకునే టూల్‌ల ఒక టాస్కు లెక్క రాస్తం, మేడం. ఏది ముందు, ఏది వెనక అని ఒకదాన్నొకటి కట్టేస్తం. ఇంటికి కొత్త మీటరు బిగించకముందు పాత తీగ కోయొద్దు కద, గట్ల. పాత డబ్బాలు బందు చేసే టాస్కును కొత్త డబ్బాలు పంచే టాస్కుకు కట్టిన. ఆ కట్టు ఉన్నంతసేపు టూలు పాతదాన్ని ముట్టనియ్యదు. కట్టు తీస్తే పెట్టిన టైముకు దానంతట అదే అయిపోతది."

"ఆ కట్టు ఎవరు తీయగలరు?"

"నా లాగిన్‌కు ఒక్కదానికే ఉంది."

అప్పుడే లోపలి గదిలోంచి తల్లి బేగం చాయ్ గ్లాసుతో వచ్చింది. ఆమె ఎడమ ముంజేతికి తెల్లటి బ్యాండేజీ ఉంది, కొత్తది. సరళ గ్లాసు అందుకుంటూ ఆ చేతిని కాసేపు చూసింది.

"డయాలసిసా, అమ్మా?"

"అవ్, సోమవారం, గురువారం. తొమ్మిదింటికి ఎక్కిస్తే ఒంటిగంటకు దించుతరు. ఈయనకు కంటి ఆపరేషన్ అయినకాడి నుంచి బిడ్డనే తోల్కపోతది."

"మొన్న గురువారం కూడా?"

"నా పక్కనే కూసుంది. దుప్పటి కప్పింది..." అంటూ బేగం కూతురి మొహం చూసి ఆగిపోయింది.

బషీర్ చేతిలోని స్క్రూడ్రైవర్‌ను చాలా మెల్లగా నేల మీద పెట్టాడు. "లీవు పెట్టిన అన్నవు కద, బేటా?"

"లీవులు అయిపోయినయి, అబ్బా."

తర్వాతది ఒక్క ఊపులో బయటపడింది. పక్క సీటు గోప్యా ఆమె పాస్‌వర్డుతో ఆమె కంప్యూటర్ తెరిచి హాజరు పడేలా చేసేవాడు. వారంలో ఆ రెండు రోజులూ. అడగకముందే తనంతట తానే మొదలుపెట్టాడు. గోప్యా తండాలో ఆఫీసు ఉద్యోగం చేస్తున్నది అతనొక్కడే. తండ్రి హాతీరాం ఆ సంగతి ఊరంతా చెప్పుకుంటాడు. పాస్‌వర్డు వాడిన మాట తెలిస్తే అతన్ని ఆ రోజే పంపించేస్తారు.

"వాడు లింకు తీయడు, మేడం. వాడట్లాంటోడు కాదు. అందుకే నేనే తీసిన అని చెప్పిన. రోజారాణి అట్ల పండుకుని ఉంటే, నా లాగిన్ కాదనడానికి నోరు రాలేదు."

సరళ లేచి ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎవరి మీదా అలా చెయ్యి వేయలేదు.

"గోప్యా ఉద్యోగం సంగతి నాకు వదిలెయ్. నువ్వు చెయ్యని తప్పు నువ్వు మోస్తే, చేసినోడు దర్జాగ తిరుగుతడు. చెప్పులేసుకో. ఆఫీసుకు పోదాం."

*

రెండు ఇరవైకి ఆఫీసు మెట్లెక్కారు. పద్నాలుగు మంది పట్టే ఒకే హాలు. చివర అద్దాల గది మేనేజరు వెంకటేశ్వరరావుది. ఇంకో మూల జీపుల కోసం వచ్చే ఫోన్లు ఎత్తే బల్ల. గోడ మీద పెద్ద తెర. మెహ్రీన్ కంప్యూటర్ చుట్టూ ఎర్ర టేపు అంటించి ఉంది. ఆ టేపు ముందే కుర్చీ వేసుకుని షాబాజ్ కూర్చున్నాడు.

అతన్ని సరళకు బాగా తెలుసు. ఒకప్పుడు ఆమె కింద ఎస్సైగా పనిచేశాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ప్రైవేటు దర్యాప్తు సంస్థలో ఉన్నాడు. ధర్మసంస్థే అతన్ని పంపింది. ఆమెను చూడగానే అలవాటుకొద్దీ లేచి నిలబడ్డాడు. లేచినందుకు తన మీద తనకే చిరాకేసినట్టుంది, మళ్లీ కూర్చున్నాడు.

"మీరొస్తరని అనుకున్న, మేడం. గానీ ఈ కేసు అయిపోయింది. రేపు పొద్దున రిపోర్టు ఇస్తున్న."

"ఏం రాసినవు?"

"లాగిన్ ఆమెది. హిస్టరీల టైముంది, పది నలభై రెండు. ఆమె ఒప్పుకున్నది. ఇంకేం కావాలె?"

"లాగిన్‌కు చేతులుంటయా, షాబాజ్? వేళ్లెవరివి?"

"ఈ మాట కోర్టుల నిలబడదు."

"ఆస్పత్రి రిజిస్టరు నిలబడతది. గురువారం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఈ పిల్ల డయాలసిస్ గదిల ఉంది. అటెండెంటు సంతకం ఉంటది. పోయి చూసుకో."

షాబాజ్ కుర్చీని టేపుకు ఇంకా దగ్గరగా జరిపాడు. "అట్లయితే పాస్‌వర్డు ఇంకొకరికి ఇచ్చింది. అదీ నేరమే. ఆమె లాగిన్ శుక్రవారం మధ్యాహ్నమే లాకు చేసిన. ఎవరూ ముట్టుకోవద్దు. మీరు కూడా."

"ముట్టుకోను. చూడనియ్."

సరళ నడుం వంచి బల్లను పరిశీలించింది. ఖాళీ నీళ్లసీసా, జుట్టుకు పెట్టుకునే క్లిప్పు, కీబోర్డు పక్కన అంటించిన ఒక కాగితం. దాని మీద చేతిరాతతో పదిహేడు గూడేల పేర్లు, ఎదురుగా ఆశా కార్యకర్తల పేర్లు, ఆ ఎదురుగా గర్భిణుల పేర్ల వరుస. నాంచారమ్మ పేరు పక్కన, 'రోజారాణి, తొమ్మిదో నెల, మొదటి కాన్పు' అని రాసి, కింద రెండు గీతలు గీసి ఉంది.

"ఇది చూసినవా?"

"చూసిన. దాంతోటి ఏం రుజువైతది?"

"కోర్టుల ఏం కాదు," అంది సరళ. "నీకూ నాకూ మాత్రం అయితది."

షాబాజ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

గోప్యా తన సీట్లో బిగుసుకుపోయి ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఉంటాయి, కళ్ల కింద నల్లబడింది. మెహ్రీన్‌ను చూసి లేవబోయి, లేవలేక ఆగాడు. సరళ అతన్ని మెట్ల దగ్గరికి తీసుకెళ్లింది.

"తొమ్మిదిన్నరకు ఆమె సిస్టం తెరిచినవు. పది నలభై రెండుకు నువ్వెక్కడున్నవు?"

"కింద, మేడం. గేటు కాడ. పదిన్నర దాటినంక వెంకటేశ్వరరావు సార్ పిలిచి, కొరియర్ వచ్చింది, సంతకం పెట్టి తీసుకురా అన్నడు. పోతే ఎవరూ లేరు. పావుగంట చూసి పైకొచ్చిన."

"సిస్టం తెరిచే ఉందా?"

"తెరిచే ఉంది." అతని కళ్లలో నీళ్లు నిండాయి. "నేను చెప్పాలనే అనుకున్న, మేడం. మా బాపు మొహం గుర్తొచ్చి నోరు రాలేదు. ఆమె ఎవరి పేరూ చెప్తలేదని తెలిసినంక ఇంక అసలే నిద్ర లేదు."

సరళ కిందికి దిగి వాచ్‌మన్ రిజిస్టరు తిప్పింది. గురువారం పది నుంచి పదకొండు దాకా బయటివాళ్లు ఎవరూ రాలేదు. కొరియర్ మనిషి వచ్చింది పన్నెండుంబావుకు. పైకి వచ్చేసరికి రెండు యాభై.

"గోప్యా, లంకెకు రెండు కొసలుంటయి కద. షాబాజ్ ఒక కొస చూసిండు, పాత డబ్బాలది. రెండో కొస ఎవరి పని?"

"కొత్త డబ్బాల టాస్కు నాదే, మేడం. అందుల ఏం మారినా నాకు మెయిల్ వస్తది. రోజుకు అరవై వస్తయి, అన్నీ చూడ."

"ఇప్పుడు చూడు."

అతను ఫోన్ తీశాడు. వెతుకుతున్న వేలు ఒకచోట ఆగింది. గురువారం, పది నలభై రెండు. లింకు తీసినప్పుడు రాసిన కారణం మెయిల్‌లో ఉంది. టూల్‌లో మాత్రం ఆ కారణాన్ని రెండు నిమిషాలకే చెరిపేశారని దాని వెనకే వచ్చిన ఇంకో మెయిల్ చెబుతోంది. చెరిపేలోపే మొదటి మెయిల్ వెళ్లిపోయింది. షాబాజ్ చూసిన హిస్టరీలో ఆ వాక్యం లేదు.

సరళ చదివింది. 'కొత్త డబ్బాలు అన్నీ చేరిపోయాయి. ఇక లింకు అవసరం లేదు, తీసేస్తున్నాను.'

"మెహ్రీన్ ఇట్లనే రాస్తదా?"

గోప్యా తల అడ్డంగా ఊపాడు. "చేరినయి, తీసేస్తున్న అని రాస్తది. ఈడ అందరం గట్లనే రాస్తం. ఒక్క సార్ తప్ప. ఆయనది సత్తుపల్లి దిక్కు, మాట ఆంధ్ర లెక్క ఉంటది."

"ఇంకొకటి చెప్పు. ఆ టాస్కుల ఎన్ని డబ్బాలు చేరినయని రాసినవు?"

"పది ఇరవైకి ఆరు అని రాసిన. పదకొండుంబావుకు ఇంకో మూడు చేరినయని ఫోనొచ్చింది, తొమ్మిది అని మార్చిన. ఇప్పటికీ తొమ్మిదే ఉంది."

సరళ ఆ అంకెను మనసులో పెట్టుకుంది.

*

అద్దాల గదిలో వెంకటేశ్వరరావు ఆమెకు మంచినీళ్లు తెప్పించాడు. యాభై ఏళ్ల మనిషి, మెత్తటి మాట. మెహ్రీన్ తలుపు పక్కన కూర్చుంది. షాబాజ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆ అమ్మాయి చాలా మంచిదండీ," అన్నాడు వెంకటేశ్వరరావు. "పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నేను పెద్దవాళ్లతో మాట్లాడతాను."

"గురువారం పొద్దున కొత్త డబ్బాల టాస్కు మీరు తెరిచి చూసిన్రా?"

"లేదండీ. అది గోప్యా చూసుకుంటాడు. నేను ఆ రోజంతా మర్నాటి మీటింగు పనిలో ఉన్నాను."

"తర్వాత?"

"తర్వాత ఎందుకు చూస్తాను? షాబాజ్ గారు వచ్చాక అసలు ఎవరూ ఏదీ ముట్టుకోలేదు."

"ఆ గోప్యానే అంటున్నడు, డబ్బాలన్నీ చేరినయని మీతోటి చెప్పినట. మీరు ఆ మాట నమ్మిన్రట."

గోప్యా ఆ మాట అననే లేదు. వెంకటేశ్వరరావు మొహం ఎర్రబడింది.

"అబద్ధం! అన్నీ ఎక్కడ చేరాయి? పదిహేడులో ఆరే కదా చేరింది!"

సరళ నీళ్లగ్లాసు బల్ల మీద పెట్టింది. "ఆరా?"

"ఆరు... అదే, అంతేగా?"

"పదకొండుంబావు నుంచి ఆ పేజీల తొమ్మిది ఉంది, సార్. ఆరు అని ఉన్నది ఒక్క గంట సేపు. పది ఇరవై నుంచి పదకొండుంబావు దాకా. ఆ గంటల మీరు ఆ పేజీ చూసిన్రు. ఎవరి సిస్టంల చూసిన్రు?"

సరళ గోప్యా ఫోన్ ఆయన ముందు పెట్టి, రిజిస్టరు పేజీ ఫొటో పక్కన చూపించింది. "రాని కొరియర్ కోసం గోప్యాను కిందికి పంపిన్రు. ఈ వాక్యం చెరిపిన్రు గానీ మెయిల్ ముందే పోయింది. చదువుకోండి. మీ మాట మీకు గుర్తుపట్టరాదా?"

షాబాజ్ గోడ వదిలి ముందుకొచ్చాడు. ఫోన్ తీసుకుని రెండుసార్లు చదివాడు.

వెంకటేశ్వరరావు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"శుక్రవారం సంస్థ పెద్దలు వస్తామన్నారు. ఆ తెర మీద ఆగిపోయిన టాస్కులన్నీ ఎర్రగా కనపడతాయి. నాలుగు నెలలుగా ఎర్రగానే ఉన్నాయి. కట్లు తీసేస్తే ఎరుపు పోతుంది. వాళ్లు వెళ్లాక శనివారం మళ్లీ కట్టేద్దామనుకున్నాను. పదకొండింటికి అది దానంతట అదే అమలైపోతుందని తట్టలేదు. నాకు ఆ ఎరుపే కనపడింది గానీ..." ఆయన మెహ్రీన్ వైపు చూడలేకపోయాడు. "నాకూ కూతురుందమ్మా. నాలుగు రోజులుగా చెప్పేద్దామనే అనుకుంటున్నాను."

మెహ్రీన్ మాత్రం ఆయన మొహంలోకే చూస్తోంది. ఆమె తిట్టలేదు. ఇంకేదో ఆలోచనలో పడింది.

"సార్," అంది. "ఎర్రగా ఉన్నది ఒక్కటి కాదు కద. మీరు ఎన్ని కట్లు తీసిన్రు?"

ఆయన గోడ మీది తెర వైపు చూశాడు. "పదకొండు."

"పాత నంబరుది కూడానా?"

ఆయన తల వంచుకున్నాడు.

మెహ్రీన్ కుర్చీలోంచి లేచిన వేగానికి కుర్చీ పడిపోయింది. "టైమెంత?"

"మూడు నలభై," అన్నాడు షాబాజ్. "ఏమైంది?"

"జీపుల పాత ఫోన్ నంబరు ఇయ్యాల నాలుగు గంటలకు బందైతది. కొత్త నంబరు గూడేల్ల గోడల మీద ఇంకా రాయలేదు. రాసేదాకా ఆగాలని నేనే కట్టిన. ఆ కట్టు తీసిన్రు. నాలుగింటికి డబ్బాల్లేని ఊర్లు కూడా పోతయి, అరవై ఊర్లు!"

"ఆపండి మరి!" సరళ వెంకటేశ్వరరావు వైపు తిరిగింది.

"నా లాగిన్‌కు వీల్లేదండీ. ఆమెదానికే ఉంది. అది షాబాజ్ గారు లాకు చేశారు. అందుకే నేను శనివారం కట్టలేకపోయాను కూడా."

ఆ మాటకు షాబాజ్ మొహం పాలిపోయింది. దోషి చేతులు కట్టేశాననుకుని అతను కట్టేసింది కాపాడగలిగిన చేతులను.

"లాకు తియ్, షాబాజ్," అంది సరళ.

"హైదరాబాద్‌ల అడగకుండా తీయొద్దని రాసిచ్చిన, మేడం."

"అడుగు."

అతను ఫోన్ చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మూడు నలభై ఆరు. ఫోన్ జేబులో పెట్టుకుని, హాల్లోకి నడిచి, మెహ్రీన్ కంప్యూటర్ చుట్టూ ఉన్న ఎర్ర టేపును తన చేతులతోనే చింపేశాడు.

"కూసో, చెల్లె," అన్నాడు. తన లాప్‌టాప్‌లో లాకు తీస్తూ, "ఏమన్న అయితే నేను చెప్పుకుంట. నాది ఉద్యోగమే కద."

మెహ్రీన్ కూర్చుంది. టూలు కొత్త పాస్‌వర్డు అడిగింది, ఆమె పెట్టింది. అది ఫోన్‌కు పంపిన అంకె రావడానికి రెండు నిమిషాలు పట్టింది. మూడు యాభై మూడుకు పాత నంబరు టాస్కు తెరుచుకుంది. వెనక గోప్యా వచ్చి నిలబడి కొత్త నంబరు టాస్కు పేరు చదివి చెప్పాడు. ఆమె రెంటినీ కట్టింది. మొదటిసారి టూలు ఒప్పుకోలేదు, కారణం రాయమంది. ఆమె రాసింది: 'గూడేల్ల ఇంకా రాయలేదు.' మూడు యాభై ఎనిమిదికి గోడ మీది తెరలో ఆ గడి ఎర్రబడింది.

వెంకటేశ్వరరావు అద్దాల గది గుమ్మంలోనే కూలబడ్డాడు. సరళ ఆయన్ను లేపలేదు.

నాలుగయింది. నాలుగు దాటింది. మెహ్రీన్ మిగిలిన తొమ్మిదీ ఒక్కొక్కటే తెరుస్తోంది. ఏదీ ముట్టొద్దన్న మాటతో అప్పటి నుంచీ మూసే ఉన్న పాత డబ్బాల దారి మళ్లీ తెరవడానికి గోప్యా తన సీట్లో కూర్చున్నాడు. బషీర్ కింద వాచ్‌మన్ స్టూలు మీద అన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తున్నాడని ఎవరో వచ్చి చెప్పారు.

నాలుగూ ఏడు నిమిషాలకు మూల బల్ల మీద పాత నంబరు ఫోన్ మోగింది.

ఫోన్లు చూసే ఆమె ఇంకో ఫోన్‌లో డ్రైవరుతో మాట్లాడుతోంది. అందరికంటే ముందు మెహ్రీన్ పరుగెత్తి రిసీవర్ అందుకుంది. అవతల ఒక ఆడగొంతు, ఎగశ్వాసతో ముక్కలు ముక్కలుగా వినపడింది.

"పాము కరిచింది... మా ఆయన్ను... చేనుల... బడి గోడ మీద ఈ నంబరే ఉంది... గుట్ట ఎక్కి చేస్తున్న, సిగ్నలు పోతది..."

"ఏ ఊరమ్మా?" మెహ్రీన్ వేళ్లు అప్పటికే పక్కనున్న కీబోర్డు మీదున్నాయి. ఊరి పేరు విని కొట్టింది. దుమ్ముగూడెం వైపు ఆగి ఉన్న జీపు తెర మీద కదిలింది. దారి నలభై నిమిషాలు చూపిస్తోంది. సరళ ఆమె భుజం మీదుగా ఆ అంకె చూసింది. షాబాజ్ అప్పటికే ఆ దారిలోని ఆస్పత్రికి ఫోన్ కలుపుతూ, పాముకాటు మందు ఉందా అని అడుగుతున్నాడు.

"ఆయన కాడ ఎవరున్నరు?"

"మా అత్త."

"కాలు కదపొద్దని ఆమెకు కేకేసి చెప్పు. కట్లు గిట్ల బిగించొద్దు, కోయొద్దు. జీపు బయలుదేరింది." మెహ్రీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఫోను పెట్టకమ్మా. జీపు కనపడేదాకా నేను ఈడనే ఉంట. నీ పేరేంది?"